కరువుకు ఇల్లు సిద్ధపడిన తీరు: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాలలో కరువు అరుదైన సంఘటన కాదు. అక్కడి ప్రతి తరమూ దాన్ని చవిచూసింది. కుటుంబాలు కరువుకు ముందుగానే ఏ విధంగా సిద్ధపడ్డాయి, ఆ సన్నద్ధత ఏ పరిస్థితులలో బలహీనపడింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం గింజ, నీరు, పశువు, బంధుత్వం, వలస అనే ఐదు ఆధారాల ద్వారా పరిశీలిస్తుంది. సన్నద్ధత ఇంటి వివేకం ఒక్కదానిపైనే ఆధారపడినది కాదనీ, ఆ వనరులపై ఇంటికున్న పట్టును బట్టి అది నిలిచిందనీ, కూలిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కరువు, సన్నద్ధత, పాతర, నాగు, లెవీ, చెరువు, ఇక్రిశాట్, పాలమూరు వలస.

1. ఉపోద్ఘాతం

కృష్ణ, తుంగభద్ర, మూసీ, డిండి నదులు ఈ నేలను ఆనుకునో, చీల్చుకునో పారుతున్నాయి. అయినా నీరు లోయలో ఉంది, చేను మిట్టన ఉంది. సగటు వర్షపాతం దాదాపు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి రుతుపవనాలదే. నేలలో ఎక్కువ భాగం ఎర్ర చెల్క. అది తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. కనుక ఏడాది మొత్తం వాన లెక్కకు సరిపోయినా, పైరు పొట్ట మీదున్నప్పుడు మూడు వారాలు ముఖం చాటేస్తే పంట పోతుంది.

కరువులను తెలుగు ప్రజలు సంవత్సరాల పేర్లతో గుర్తుంచుకున్నారు. 1832–33 నాటిది నందన కరువు, 1876–78 నాటిది ధాత కరువు. రెండవది మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలతోపాటు మైసూరు, హైదరాబాదు సంస్థానాలనూ తాకింది. దాని తరువాత 1880లో వెలువడిన కరువు కమిషన్ నివేదిక, దాని వెంట 1883లో వచ్చిన కరువు నియమావళి బ్రిటిష్ ఇండియాలో సహాయ పనులకు ఒక పద్ధతిని ఏర్పరిచాయి. ఆ ఆలోచన ప్రధానంగా కరువు వచ్చాక ప్రభుత్వం ఏమి చేయాలన్నదే. కరువు రాకముందు ఇల్లు ఏమి చేస్తున్నదన్నది పాలనా పత్రాలలో తక్కువగా కనిపించే విషయం.

2. గింజ: పాతర, నాగు, లెవీ

మెట్ట రైతు ఇంటికి మొదటి రక్షణ జొన్న. నీరు నిలవని గట్టి నేలలో పాతర తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్న నింపి, పైన మట్టితో మూసేవారు. గాలి చొరకపోతే గింజ ఏళ్ల తరబడి నిలిచేది. పాతరను తెరిచిన వెంటనే మనిషి లోపలికి దిగకూడదన్నది అనుభవం నేర్పిన జాగ్రత్త. లోపల పేరుకున్న వాయువు ప్రాణం తీయగలదు. చిన్న కమతాల వారికి పాతర స్థానంలో గుమ్మి, కాగు ఉండేవి.

అయితే పాతర అందరిదీ కాదు. మిగులు పండిన ఇంటికే అది అవసరం. గుమ్మి అడుగంటిన ఇల్లు పాతరున్న ఇంటికి వెళ్లి గింజలు అప్పు తెచ్చుకునేది. తెలంగాణలో ఆ అప్పుకు నాగు అని పేరు. పంట చేతికి వచ్చాక తెచ్చిన దానికి సగం కలిపి కొలవాలి. కరువు ఏడాది తెచ్చిన నాగు మంచి ఏడాది పంటను మింగేది. ఒక ఇంటి సన్నద్ధతే మరో ఇంటికి రుణంగా మారిన తీరు ఇది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యం నిర్బంధ ధాన్య లెవీని అమలు చేసింది. గ్రామంలో అధికారం చేతనున్న దేశ్‌ముఖులు, పటేళ్లు తమ వంతు తప్పించుకోగా, భారం చిన్న రైతులపై పడింది. తిండి గింజలే పోతున్నప్పుడు వచ్చే ఏటికి దాచుకోవడం అసాధ్యం. ఆంధ్ర మహాసభ నల్లగొండ జిల్లాలో వెట్టి, బేదఖళ్లతోపాటు లెవీనీ ప్రధాన సమస్యగా ఎత్తిపట్టింది. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించారు. అదే తాలూకాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను కాపాడుకోవడానికి పోరాడారు. ఈ ఘట్టాలను భూమి సమస్యగా చదవడం పరిపాటి. వాటిని ఇంటి గింజపై ఎవరి అధికారం అన్న సమస్యగానూ చదవవచ్చు.

1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ స్థితిని మరోవైపు మార్చింది. ఆకలికి కొంత భరోసా దొరికింది. అదే సమయంలో తిండి జొన్న నుంచి బియ్యానికి మళ్లింది, చేను ఆముదం నుంచి పత్తికి మళ్లడం క్రమంగా పెరిగింది. పాతర పోషించిన పాత్ర రేషన్ కార్డుకు వచ్చింది.

3. నీరు: ఊరి చెరువు, ఇంటి బోరు

నల్లగొండ సమీపంలోని పానగల్లు ఉదయ సముద్రం కందూరు చోడుల కాలపు చెరువు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి రేచర్ల రెడ్ల ఆలయాలకూ చెరువుకూ ప్రసిద్ధం. చెరువు తవ్వించడం సప్త సంతానాలలో ఒకటిగా పుణ్యకార్యం. దాని నిర్వహణకు దశబంధ ఇనాములు, నీటి పంపకానికి నీరటి ఉండేవారు. చెరువు నిండని ఏడు కూడా దాని శిఖంలో కొంత తడి, కింది బావులలో కొంత ఊట మిగిలేవి. ఆయకట్టులో హెచ్చు భూమి బలవంతులదే అయినా, పశువుల నీటికీ చేపలకూ మట్టికీ చెరువు ఊరందరిది.

ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో బోరుబావి ఈ స్థానాన్ని ఆక్రమించింది. బోరు ఇంటి సొంత పెట్టుబడి. గ్రానైటు రాతి పగుళ్లలో ఉన్న నీరు మాత్రం ఎవరి సొంతమూ కాదు. ఒకరు లోతుకు పోతే పక్కవారి బోరు ఎండుతుంది, ఇద్దరూ అప్పుపడతారు. నల్లగొండలో దీనికి ఫ్లోరైడు తోడైంది. పశ్చిమ నల్లగొండ గ్రామాలలో భూగర్భజలమే ఎముకల వ్యాధికి కారణమైంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970 దశకంలో రూపొందించింది. అది నల్లగొండ విధానం పేరుతోనే ఆఫ్రికా దేశాలకు సైతం చేరింది. ఇంట్లో బకెట్లలోనూ చేయగల విధానమే, కానీ ప్రతిరోజూ కొలత తప్పకుండా చేయాలి. సురక్షిత నీటిని దూరం నుంచి తెచ్చే సామూహిక ఏర్పాటుకు అది ప్రత్యామ్నాయం కాలేకపోయింది.

4. ఔరేపల్లె, డోకూరు: లెక్కకు అందిన సన్నద్ధత

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలను ప్రారంభించింది. మొదటి ఆరు గ్రామాలలో రెండు మహబూబ్‌నగర్ జిల్లావే: ఔరేపల్లె, డోకూరు. తక్కినవి మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ప్రతి గ్రామంలో 40 కుటుంబాలను ఎన్నుకున్నారు. వాటిలో 10 కూలి కుటుంబాలు, 30 రైతు కుటుంబాలు. ఈ ఇళ్ల ఆదాయ వ్యయాలు ప్రపంచ ఆర్థికశాస్త్రంలో ప్రామాణిక ఆధారాలయ్యాయి.

ఔరేపల్లెలో జొన్న, సజ్జ, కంది కలిపి విత్తేవారు. ఒకటి పోయినా ఒకటి దక్కుతుందన్నది దానిలోని లెక్క. వాన ఆలస్యమైతే ఆముదం ఉండేది. కల్లుగీత ఆదాయం వ్యవసాయానికి తోడయ్యేది. ఎన్.ఎస్. జోధా పొడి ప్రాంతాలలోని ఉమ్మడి భూములను అధ్యయనం చేసి, పేదల బతుకులో పశుగ్రాసం, వంటచెరకు, అడవి పండ్ల పాత్రనూ, ఆ భూములు వేగంగా తరిగిపోవడాన్నీ చూపారు. రోజెన్‌జ్వేగ్, వోల్పిన్ 1993లో ఎద్దుల అమ్మకాలను పరిశీలించారు. పంట పోయిన ఏడు ఎడ్లను అమ్మి తిండి నిలుపుకున్న ఇల్లు, మరుసటి ఏడు దుక్కికి ఎడ్లు లేక నష్టపోతుంది. రోజెన్‌జ్వేగ్, స్టార్క్ 1989లో వివాహాలను పరిశీలించారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇవ్వడం వెనుక ఒకే వాన మీద ఆధారపడని బంధుత్వాన్ని ఏర్పరచుకునే ఉద్దేశం ఉందని వారు వాదించారు.

1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లెతో సహా మూడు గ్రామాల వివరాలతో మరో నిర్ధారణకు వచ్చారు. ఇంటి ఖర్చు ఆ ఇంటి ఆదాయంతో కన్నా ఊరి సగటు ఖర్చుతో ఎక్కువగా కలిసి నడుస్తున్నది. ఇచ్చిపుచ్చుకోళ్లు ఒక రకం బీమాగా పనిచేస్తున్నాయి. అయితే మూడింటిలో ఒక ఊరిలో భూమిలేని వారికి ఆ రక్షణ తక్కువ. పైగా కరువు ఊరందరినీ ఒకేసారి తాకుతుంది. అందరి గుమ్మీ ఖాళీ అయిన వేళ అరువు ఇచ్చే చేయి ఊరిలో ఉండదు.

5. వలస: చివరి ఆధారం

ఆ స్థితిలో మిగిలినది ఒంటి కష్టం. పాలమూరు కూలీలు మేస్త్రీల చేత ముందస్తు సొమ్ము పుచ్చుకుని గుంపులుగా దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ రోడ్లకూ పనిచేశారు. ముందస్తు సొమ్ము కరువులో ఇంటిని నిలబెట్టింది. అదే సొమ్ము మనిషిని నెలల పాటు మేస్త్రీకి కట్టిపడేసింది. ఈ విధమైన వలస కార్మికుల కోసం పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నల్లగొండ తూర్పు భాగాన్ని మాగాణిగా మార్చింది. దేవరకొండ, మునుగోడు మిట్టలకు ఆ నీరు ఎక్కలేదు.

2006 ఫిబ్రవరిలో మొదటి విడతలోనే ఈ రెండు జిల్లాలలో అమలైన ఉపాధి హామీ పథకం, ఈ క్రమంలో ముఖ్యమైన మలుపు. సొంత ఊరిలో పని అడగడం హక్కయింది. మేస్త్రీ ముందస్తుకు ఒక ప్రత్యామ్నాయం ఏర్పడింది.

6. 2009: ఎండిన ఏట వరద

2009 వానాకాలం రాష్ట్రమంతటా వర్షాభావంతో మొదలైంది. అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా పొంగాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. కర్నూలుతోపాటు మహబూబ్‌నగర్ జిల్లా అలంపురం ప్రాంతమూ మునిగింది. నేత మగ్గాల ఊరు రాజోలి దెబ్బతింది. కరువు నెలల వ్యవధి ఇస్తుంది, వరద గంటలే ఇస్తుంది. మగ్గం గుంతలోకి నీరు చేరాక నేతగాని ముందుచూపుకు విలువ లేదు. ఎగువ జలాశయాల నుంచి సకాలంలో అందే హెచ్చరికే అక్కడ సన్నద్ధత.

7. ముగింపు

2005 విపత్తు నిర్వహణ చట్టం తరువాత కుటుంబ సన్నద్ధత పాలనా భాషలో తరచుగా వినిపిస్తున్నది. ఈ రెండు జిల్లాల చరిత్ర చూస్తే, ఇక్కడి కుటుంబాలకు ముందుచూపు లోపించిన దాఖలా లేదు. కలిపి విత్తారు, పాతర వేశారు, ఎడ్లను పోషించారు, దూరపు సంబంధం కలుపుకున్నారు. గింజపై లెవీ పడినప్పుడు, చెరువు పూడినప్పుడు, ఉమ్మడి భూమి కరిగినప్పుడు ఆ ముందుచూపుకు ఆధారం పోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసి ఆ ఆధారాలలో ఒకదాన్ని తిరిగి తలకెత్తుకుంది. కనుక సన్నద్ధతను కొలిచే అధ్యయనాలు ఇంట్లో ఏమి దాచారన్న ప్రశ్నతో ఆగకూడదు. దాచుకోవడానికి ఎవరికి అవకాశం మిగిలింది, దాచినది ఎవరి చేతికి పోయింది అన్న ప్రశ్నలనూ అవి వేయవలసి ఉంది.