నాన్ ఇన్వేసివ్ వెంటిలేషన్

నాన్ ఇన్వేసివ్ వెంటిలేషన్ అనగా శ్వాసనాళములోనికి గొట్టము వేయకుండా, ముఖమునకు బిగించిన మాస్కు ద్వారా గాని, తలకు తొడిగిన హెల్మెట్ ద్వారా గాని ఒత్తిడితో గాలిని, ఆక్సిజన్‌ను అందించు చికిత్స. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్-19 వంటి వైరస్ వ్యాధులలో న్యుమోనియా ముదిరి, మామూలు ఆక్సిజన్ చాలని రోగులకు ఆసుపత్రులలో దీనిని వాడుదురు. రోగిని ఎంత దగ్గరగా కనిపెట్టి చూచుచున్నారు అనుదానిపైననే దీని భద్రత ఆధారపడి ఉండును.

రకములు

* సీపాప్: శ్వాస పీల్చునపుడు, విడుచునపుడు ఒకే ఒత్తిడి ఉండును. ఊపిరితిత్తులలోని వాయుగోణులు ముడుచుకొనిపోకుండా ఇది కాపాడును.
* బైపాప్: పీల్చునపుడు ఎక్కువ ఒత్తిడి, విడుచునపుడు తక్కువ ఒత్తిడి ఉండును.
* హై ఫ్లో ఆక్సిజన్: వేడిచేసి తేమ కలిపిన ఆక్సిజన్‌ను ముక్కు ద్వారా నిమిషమునకు 60 లీటర్ల వరకు పంపుదురు. ఇది వెంటిలేషన్ కాకపోయినను ఈ కోవలోనే చెప్పబడుచున్నది.

చరిత్ర

1928లో అమెరికాలోని బోస్టన్ నగరములో ఫిలిప్ డ్రింకర్ రూపొందించిన "ఇనుప ఊపిరితిత్తి" పోలియో రోగులకు గొట్టము లేకుండా శ్వాస ఆడించినది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ నిద్రలో శ్వాస ఆగు వ్యాధికి సీపాప్ ప్రవేశపెట్టెను.

అపాయములు

* ఆలస్యము: ఇది అన్నిటికంటె పెద్ద అపాయము. మాస్కు పెట్టగానే ఆక్సిజన్ శాతము పెరిగి రోగి తేరుకొన్నట్లు కనిపించవచ్చును. కాని ఆయాసము తగ్గనిచో గొట్టము వేయవలసిన సమయము దాటిపోవును. కావున మొదటి ఒకటి రెండు గంటలలోనే శ్వాస వేగము, ఆక్సిజన్ శాతము, స్పృహ మరల మరల పరీక్షించవలెను.
* మాస్కు వలన ముక్కుపై పుండ్లు పడుట, కడుపు ఉబ్బుట, వాంతి ఊపిరితిత్తులలోనికి పోవుట జరుగవచ్చును. స్పృహ లేనివారికి, వాంతులు ఆగనివారికి, కఫము బయటకు తీయలేనివారికి సాధారణముగా ఇది తగదు.
* సిబ్బందికి సోకుట: 2003లో సార్స్ వ్యాధి ఆసుపత్రి సిబ్బందికి సోకినందున ఈ పరికరములపై భయము ఏర్పడినది. 2021లో బ్రిటన్‌లో ఆరోగ్యవంతులపై జరిపిన కొలతలలో సీపాప్ కంటె దగ్గు వలననే ఎక్కువ తుంపరలు వెలువడినట్లు తేలినది. అయినను సిబ్బంది ఎన్-95 మాస్కులు ధరించుట, గదిలో గాలి ఆడునట్లు చూచుట అవసరము.
* ఆక్సిజన్ ఖర్చు: నిమిషమునకు 60 లీటర్ల చొప్పున గంటకు 3,600 లీటర్లు కావలెను. సుమారు 7,000 లీటర్లు పట్టు పెద్ద సిలిండరు రెండు గంటలు కూడ రాదు. 2021లో భారతదేశములో ఆక్సిజన్ కొరత ఏర్పడినపుడు ఈ లెక్క ఎంత ముఖ్యమో తెలిసివచ్చినది.

పరిశోధన

బ్రిటన్‌లో 1,273 మంది కోవిడ్ రోగులపై జరిగిన రికవరీ-ఆర్‌ఎస్ అధ్యయన ఫలితములు 2022లో వెలువడినవి. 30 రోజులలో గొట్టము వేయవలసి వచ్చినవారు లేదా మరణించినవారు సీపాప్ వర్గములో 36.3 శాతము, మామూలు ఆక్సిజన్ వర్గములో 44.4 శాతము. ఈ మేలు ముఖ్యముగా గొట్టము అవసరము తగ్గుట వలన కలిగినదే. మరణములలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. హై ఫ్లో ఆక్సిజన్ మామూలు ఆక్సిజన్ కంటె మెరుగని తేలలేదు. అవాంఛిత ఫలితములు సీపాప్ వర్గములో 34.2 శాతము, మామూలు ఆక్సిజన్ వర్గములో 13.9 శాతము మందిలో నమోదైనవి.