ఉమ్మడి వాకిట్లోంచి వచ్చిన నాటకం

ట్రినిడాడ్ అనగానే మన ఇళ్ళలో క్రికెట్ గుర్తొస్తుంది కదండీ! 1924లో ఆ దీవిలో పుట్టిన ఎరోల్ జాన్ తండ్రి జార్జ్ జాన్ కూడా పేరున్న ఫాస్ట్ బౌలరే. కొడుకుకి మాత్రం నాటకాల పిచ్చి. 1950ల మొదట్లో లండన్ చేరారు.

అక్కడ నల్లవారికి దొరికేవి ఏపాటి వేషాలు? ఆడ్రీ హెప్‌బర్న్ నటించిన 'ది నన్స్ స్టోరీ' (1959)లో ఆస్పత్రి సహాయకుడు ఈయనే. తగిన వేషాలు రాక తనే కలం పట్టారు. 'మూన్ ఆన్ ఎ రెయిన్‌బో షాల్' నాటకానికి 1957లో 'అబ్జర్వర్' పత్రిక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. మరుసటి ఏడు రాయల్ కోర్ట్ థియేటర్లో ఆడారు. ముఖ్యపాత్ర ఎఫ్రయిమ్ వేషం మాత్రం ఎర్ల్ హైమన్ అనే అమెరికన్ నటుడికి వెళ్ళింది!

కథంతా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, ఇరుగుపొరుగు వాళ్ళంతా సర్దుకునే ఉమ్మడి వాకిట్లో. ట్రాలీ బస్సు నడిపే ఎఫ్రయిమ్‌కి ఇంగ్లండు వెళ్ళిపోవాలని ఒకటే యావ. తన బిడ్డని మోస్తున్న రోజాని కూడా వదిలేసి పోతాడు. నన్నడిగితే అసలు నాటకం సోఫియాది. రెక్కలు ముక్కలు చేసుకుని ఇల్లు నడుపుతుంది. మొగుడు చార్లీ ఒకప్పటి బౌలర్ (బౌలర్ కొడుకు రాసిన బౌలర్ సుమండీ). వర్ణవివక్ష మీద నోరు విప్పినందుకు ఆట పోయింది, తాగుడు మిగిలింది. కూతురు ఎస్తర్‌కి స్కాలర్‌షిప్పు వచ్చిందన్న సంతోషం ఎంతసేపు? పుస్తకాలకీ యూనిఫారానికీ డబ్బేదీ? చార్లీ దొంగతనానికి దిగుతాడు. సోఫియా తిట్టిపోస్తుంది, అయినా చెయ్యి వదలదు.

జాన్ తర్వాత ఓల్డ్ విక్‌లో ఒథెల్లో వేశారు. 1988లో లండన్‌లో పోయారు. 2012లో అక్కడి నేషనల్ థియేటర్ ఈ నాటకాన్ని మళ్ళీ ఆడించింది.