ఐలమ్మ: మొక్కిన ఊరే పేరైన తీరు

విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పంట దక్కించుకున్న పాలకుర్తి రైతు చిట్యాల ఐలమ్మ (1895-1985) జీవితం గురించి చాలా రాశారు. ఆ పేరును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 'ఇలమ్మ' అనే రాత చూసి, 'ఇల' అంటే భూమి కాబట్టి భూమి కోసం కొట్లాడిన తల్లికి తగిన పేరే అని మురిసిపోవడం తేలిక. ఈ వ్యుత్పత్తి అందంగా ఉంది గానీ నిలవదు. ఐలయ్య, ఐలన్న, ఐలమ్మ అనే పేర్లు గుంపుగా వినిపించేది ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో. ఆ పల్లెలు మొక్కేది ఐలోని మల్లన్నకు.

ఐలోను అంటే నేటి హనుమకొండ జిల్లా ఐనవోలు. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని మంత్రి అయ్యనదేవుడు గుడి కట్టించాడనీ, అందుకే అది అయ్యనవోలు అయిందనీ స్థల ఐతిహ్యం. 'వోలు' అంటే ప్రోలు, ఊరు. ఐనవోలు జనం నోట ఐనోలు అయింది. ఆపైన నకార లకారాలు చోటు మార్చుకొని ఐలోను అయింది. దాని తొలి భాగానికి 'అమ్మ' చేరితే ఐలమ్మ.

మల్లన్నకు మొక్కి కన్న బిడ్డకు మల్లమ్మ అని పెడితే చాలదా? పాలకుర్తి ఉన్న జనగామ పల్లెలకు ఒకవైపు ఐనవోలు, మరోవైపు కొమురవెల్లి. రెండుచోట్లా మల్లన్నే, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మల పెనిమిటే. ఏ మల్లన్న ఇచ్చిన బిడ్డో తెలియాలంటే ఊరు చెప్పాలి. ఐలమ్మ పక్కన కొమురమ్మ, కొమురయ్య పుట్టింది ఇందుకేనని నా అభిప్రాయం. అదే దేశ్‌ముఖ్‌పై పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరూ ఈ కోవదే. మహబూబాబాద్ వైపు కురవి వీరభద్రునికి దగ్గరలో అలాంటి జోడీ క్షేత్రం లేదు. అక్కడ వీరన్న, వీరమ్మ అంటే సరిపోయింది. భూపాలపల్లి పల్లెల్లోని సమ్మక్క, సమ్మయ్య, సారమ్మ పేర్లలో ఊరి ఊసే లేదు. రెండేళ్లకోసారి మేడారం జాతరలో గద్దెలకు వచ్చే తల్లుల పేర్లే బిడ్డలకు పెడతారు.

ఊరి నుంచి ఆడపిల్ల పేరు పుట్టడం మన ఒక్కరి సంగతి కాదు. స్పెయిన్‌లోని కాటలాన్ భాషలో మోన్సెరాట్ అంటే రంపపు పళ్లలాంటి కొండ. బార్సిలోనాకు చేరువలోని ఆ కొండమీది మేరీమాత ద్వారా అది స్త్రీల పేరయింది. నూరియా కూడా ఒక లోయ, అక్కడి మాత గుడి. అయితే అక్కడ వేల్పు స్త్రీ కాబట్టి పేరు ప్రధానంగా స్త్రీలదే. ఇక్కడ వేల్పు మగవాడైనా, మధ్యలో ఊరు నిలబడటం వల్ల పేరు ఇద్దరికీ అందింది: కొడుకైతే ఐలయ్య, బిడ్డైతే ఐలమ్మ.

2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఈ పేరు పెట్టారు. ఆంగ్ల అక్షరాల్లో మళ్లీ 'ఇలమ్మ' అనే చదివించే రాతే వచ్చింది. ఆ తొలి అచ్చు 'ఐ' గానే ఉండాలి, ఐనవోలు మిగిలి ఉన్నది ఆ ఒక్క అక్షరంలోనే.