ఏడవ కూర్పు

2019లో కాన్ చిత్రోత్సవంలో పాల్మ్ డోర్, మరుసటి యేడు ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందిన కొరియా చిత్రం 'పారసైట్' గురించి వినని సినీప్రియులుండరు. దాని ఎడిటరు యాంగ్ జిన్‌మో ఆ చిత్రాన్ని ఫైనల్ కట్ ప్రో 7తో కూర్చాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆపిల్ సంస్థ ఆ సాఫ్టువేరును పక్కనపెట్టి అప్పటికే ఏడేళ్ళు దాటింది. ఇది వట్టి చాదస్తమేనా? (మన పాత సినిమాల పేర్లలో ఎడిటింగును 'కూర్పు' అని వేసేవారు. ఆ మాటంటే నాకు మక్కువ. ఇక్కడా దానినే వాడుతున్నాను.)

అడోబి ప్రీమియరు తొలి రూపాలను రచించిన ర్యాండీ యుబిలోస్, తరువాత మాక్రోమీడియాలో 'కీగ్రిప్' అనే మరొక ఉపకరణాన్ని తలపెట్టాడు. 1998లో ఆపిల్ దానిని కొన్నది. 1999లో అది ఫైనల్ కట్ ప్రోగా వెలువడింది. వాల్టర్ మర్చ్ అంతటివాడు 'కోల్డ్ మౌంటెన్' (2003) చిత్రాన్ని దానితో కూర్చాక పెద్ద స్టూడియోలకూ నమ్మకం కుదిరింది. ఏడవది 2009లో వచ్చింది.

2011 జూన్ 21న వచ్చిన ఫైనల్ కట్ ప్రో టెన్, పేరుకే వారసుడు. పునాదులనుండి కొత్తగా కట్టినది. పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు.

అసలు నష్టమంతా ఇక్కడున్నది. ప్రాజెక్టు ఫైలులో బొమ్మలుండవు. ఏ టేపులో ఏ ఫ్రేమునుండి ఏ ఫ్రేము వరకు తీసుకోవాలి, దాని వెనుక ఏది రావాలి, ఏ ధ్వని ఎక్కడ మొదలు కావాలి అన్న నిర్ణయాలుంటాయి. పూర్తయిన సినిమా వేరే ఫైలుగానో టేపుగానో మిగులుతుంది. సగంలో ఆగిన డాక్యుమెంటరీ, దర్శకుడు పక్కనపెట్టిన మరో ముగింపు మాత్రం ఆ ఫైలుతోనే పోతాయి. నెలల తరబడి కూర్చిన మనిషి ఆలోచన పోతుంది.

గగ్గోలు రేగగా ఆపిల్ పాతదానిని కొన్నాళ్ళు ఫోనుద్వారా అమ్మింది. 2012లో '7టుఎక్స్' అనే అనువాద సాధనం వచ్చింది. అది చదివేది ఎక్స్‌ఎంఎల్ రూపాన్ని. ఆ రూపంలో ఎగుమతి చేయవలసినది మళ్ళీ ఏడవ కూర్పే! పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయిందన్నమాట.

ఏడవది 32 బిట్ల సాఫ్టువేరు. 2016 నాటి సియెరా వరకు నడిచింది. 2017లో హై సియెరా దానిని తెరవనివ్వలేదు. తరువాత 'రెట్రోయాక్టివ్' అనే ఉచిత సాధనం దానిని హై సియెరా, మొహావీలలో మళ్ళీ నడిపించింది. కానీ 2019లో కాటలీనా 32 బిట్ల ప్రోగ్రాములకు పూర్తిగా తలుపు మూసింది. పైగా కొత్త మాక్‌లో, అది ఏ వ్యవస్థతో వచ్చిందో దానికంటే పాతది ఎక్కదు. అందుకే పలువురు కూర్పరులు ఒక పాత మాక్‌ను అప్‌డేట్ల జోలికి పోనివ్వక, దీపం కొండెక్కకుండా కాపాడుకుంటూ వచ్చారు.

యూనికోడు కోసం తంటాలుపడిన మనకిది బొత్తిగా కొత్త కథ కాదు. మన ముద్రణాలయాలలో అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన పుస్తకాలెన్నో! విచిత్రంగా పేజ్‌మేకరు కూడా ఏడవదానితోనే, 2001లో, ఆగిపోయింది. ఆ ఫాంటు లేనిచోట తెలుగంతా గజిబిజి గుర్తులే.

ఏడవది నడిచే యంత్రం ఇంకా ఎవరివద్దనైనా ఉంటే, చేయదగినది ఒకటున్నది. ప్రతి ప్రాజెక్టునూ తెరిచి ఎక్స్‌ఎంఎల్‌గా దాచుకోవడం. ప్రీమియరూ, డావిన్సీ రిజాల్వూ ఆ రూపాన్ని చదువుతాయి. కొన్ని ఎఫెక్టులు రాలిపోవచ్చు గాని కత్తిరింపుల వరుస మిగులుతుంది.