సామంతం, వెట్టి, చట్టం

ఒకరికి లోబడి ఉండటమంటే కోటలో ఒక తీరు, పొలంలో ఒక తీరు, కోర్టులో ఇంకో తీరు. ఈ మూడింటినీ తెలుగు నేల చూసింది.

కాకతీయులు మొదట రాష్ట్రకూటులకు, తర్వాత కల్యాణి చాళుక్యులకు సామంతులు. ప్రభువు పిలిస్తే సైన్యంతో కదలాలి, శాసనాల్లో ఆయన ఆధిపత్యాన్ని చెప్పుకోవాలి. అయినా తమ సీమ, తమ కత్తి తమ చేతుల్లోనే ఉండేవి. అందుకే పైవారి పట్టు సడలగానే ఆ బంధం తెగింది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో రుద్రదేవుడు స్వతంత్ర ప్రభువుగా కనిపిస్తాడు.

1798లో హైదరాబాదు ప్రభువు నిజాం అలీఖాన్ ఈస్టిండియా కుంఫిణీతో ఒప్పుకున్న సైన్య సహకార పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. ఫ్రెంచి అధికారుల కింది పటాలాన్ని రద్దు చేసి, కుంఫిణీ సైన్యాన్ని తన ఖర్చుతో తెచ్చిపెట్టుకున్నాడు. ఆ ఖర్చు కిందే 1800లో కడప, బళ్ళారి సీమలు దత్తమండలాలై చేజారాయి. కుంఫిణీకి చెప్పకుండా మరో రాజ్యంతో మంతనాలాడే హక్కు కూడా పోయింది.

రాజులకు షరతులు రాసిన కాగితమైనా ఉండేది. తెలంగాణ పల్లెలో వెట్టివాడికి అదీ లేదు. దొర గడీకి చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల మేకపిల్లను అప్పగించాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి. కూలి అడిగే మాటే లేదు. దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే వెంట ఆడబాప అనే దాసిని పంపేవారు. మనిషినే సారెలో పెట్టిన ఆచారమది! "నీ బాంచన్ దొరా" అన్న నోళ్ళు ఆంధ్ర మహాసభ సంఘంలో చేరి ఎదురు చెప్పాయి. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరగడంతో పోరాటం ఊరూరా రాజుకుంది.

1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అదే రాజ్యాంగం కింది కోర్టులను హైకోర్టు అదుపులో పెట్టింది. కానీ ఈ అదుపుకు హద్దుంది. కింది జడ్జి తీర్పును పైకోర్టు అప్పీలులో మార్చగలదే గాని, ఫలానా తీర్పు ఇమ్మని ముందే చెప్పలేదు. బాధ్యతకూ బానిసత్వానికీ తేడా ఇక్కడే ఉంది. హద్దు, కాదనే దారి రెండూ ఉంటేనే లోబడటం న్యాయం.

ఆ దారి మూసుకుపోయిన చోట నేటికీ ఉన్నది వెట్టే. అడ్వాన్సు తీరలేదని ఇటుక బట్టీలో కుటుంబాన్ని కదలనీయకపోవడం నేరం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ వెట్టి అప్పు చెల్లదు. అలాంటిది మీ కంటబడితే వెంటనే కలెక్టరుకు తెలపండి.