నడుము డిస్క్ జబ్బు: కారణం తేలిన తీరు, మారిన వైద్యం

నడుములో మొదలై పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదం దాకా దిగే నొప్పిని వైద్యులు రెండు వేల ఏళ్ల నుంచి ఎరుగుదురు. చరక సంహిత వాతవ్యాధుల్లో చెప్పిన గృధ్రసి లక్షణాలు ఇవే. ఇది నరానికి సంబంధించిన నొప్పి అని 1764లో నేపుల్స్ వైద్యుడు దొమెనికో కొతూన్యో వివరించాడు. పడుకోబెట్టి, కాలు వంచకుండా పైకెత్తి చూసే పరీక్షను ఫ్రెంచి వైద్యుడు లసేగ్ శిష్యుడు 1881లో తన గురువు పేరిట వర్ణించాడు. ఇప్పటికీ డాక్టరు మొదట చేసేది ఆ పరీక్షే. ఇంత తెలిసినా ఆ నరాన్ని నొక్కుతున్నదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కోదానికి చుట్టూ గట్టి పీచు వలయం, నడుమ నీరు పట్టిన మెత్తటి గుజ్జు. పెద్దవాళ్ల డిస్కుల్లోకి రక్తనాళాలు దాదాపుగా వెళ్లవు కాబట్టి దెబ్బతింటే మానడం కష్టం. వయసుతో నీరు తగ్గి వలయం పగుళ్లిస్తుంది. పగులులోంచి గుజ్జు పొడుచుకువచ్చి పక్కనున్న నరం మొదలును నొక్కుతుంది, వాపు పుట్టిస్తుంది. ఎక్కువ బరువు మోసే చివరి రెండు నడుము డిస్కుల్లోనే ఇది ఎక్కువ.

శవపరీక్షల్లో చిరిగిన డిస్కులు 19వ శతాబ్దంలోనే కనబడ్డాయి. డ్రెస్డెన్‌లో ష్మోర్ల్ 1920లలో వేల వెన్నెముకలను కోసి పరిశీలించాడు. కానీ ఆయన ముందున్నవి శవాలు. బతికుండగా వాళ్లు ఏ నొప్పి పడ్డారో చెప్పేవారు లేరు. మరోవైపు ఆపరేషన్ బల్ల మీద తీసిన ముక్కను శస్త్రవైద్యులు మృదులాస్థి కణితి అనుకున్నారు. 1909లో బెర్లిన్‌లో ఓపెన్‌హైమ్, క్రౌజె చేసిన పొరపాటు అదే. 1929లో అమెరికాలో డాండీ అవి డిస్కు ముక్కలేనని రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఈ రెండు దారులనూ కలిపింది బోస్టన్. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో మిక్స్‌టర్, బార్ 1932లో ఒక రోగికి ఆపరేషన్ చేశాక, కణితులని రాసి భద్రపరిచిన పాత నమూనాలను మళ్లీ పరీక్షించారు. వాటిలో చాలావరకు డిస్కు గుజ్జే! 1934లో వారి వ్యాసం వెలువడడంతో, సయాటికా అనే ఈ కాలి నొప్పికి ఆపరేషన్ దారి తెరుచుకుంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన పని, పాత సీసాలను మళ్లీ తెరిచి చూడడమే.

ఆ తర్వాత ఆపరేషన్లు విరివిగా సాగాయి. కొన్ని అవసరానికి మించి కూడా. 1977లో యాసార్గిల్, కాస్పర్ మైక్రోస్కోపు వాడకాన్ని వెల్లడించాక కోత చిన్నదైంది. ఎండోస్కోపు దాన్ని ఇంకా తగ్గించింది. బొప్పాయి పాల నుంచి తీసిన కైమోపపైన్‌ను డిస్కులోకి ఎక్కించి గుజ్జు కరిగించే పద్ధతికి 1982లో అమెరికా అనుమతి దొరికింది. అయితే తీవ్రమైన అలర్జీలు, నరాల దెబ్బలు బయటపడడంతో అది మూలపడింది.

అసలు మలుపు మాత్రం రోగులను ఏళ్ల తరబడి పోల్చి చూసిన అధ్యయనాలతో వచ్చింది. నార్వేలో వెబర్ 1983లో ప్రకటించిన ఫలితాల్లో, ఆపరేషన్ చేయించుకున్నవారు ఏడాదికి మెరుగ్గా ఉన్నా పదేళ్లకు తేడా మిగల్లేదు. 2007లో నెదర్లాండ్స్ అధ్యయనంలో త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి, ఆగి చూసినవారికన్నా నొప్పి ముందే తగ్గింది. ఏడాదికి రెండు వర్గాల్లోనూ 95 శాతం కోలుకున్నారు. బయటికొచ్చిన గుజ్జును శరీరమే క్రమంగా హరించుకోగలదు. 1994లో నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, అన్ని డిస్కులూ సరిగ్గా ఉన్నవారు 36 శాతమే. అందుకే రిపోర్టులో ఉబ్బు అని ఉన్నంత మాత్రాన బెంబేలెత్తనక్కర్లేదు. డిస్కే కారణమనాలంటే ఆ ఉబ్బు, నొప్పి, తిమ్మిరి ఒకే నరాన్ని చూపించాలి.

ఇప్పటి పద్ధతిలో మొదటి ఆరు వారాలు మందులు, నడక, వ్యాయామం. వారాల తరబడి మంచానికి అంటిపెట్టుకోవడం మేలు చేయదని తేలింది. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్దికాలం ఉపశమనమిస్తుంది. కాలి నొప్పి తగ్గకపోయినా, బలహీనత పెరుగుతున్నా ఆపరేషన్ మేలు. అది నడుము నొప్పికన్నా కాలి నొప్పినే బాగా తగ్గిస్తుంది. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి చేరాలి.