టీవీ తెర మీద కంప్యూటర్ అక్షరం

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కంప్యూటర్‌ను పెద్ద టీవీకి తగిలించి, తెలుగులో ఒక పేరా తెరవండి. ‘ద’కూ ‘ధ’కూ ఉన్న తేడా కింద ఒక చిన్న గీత మాత్రమే. బొమ్మ మసకబారితే ముందుగా కనిపించకుండా పోయేది ఆ గీతే. సినిమా చూసేటప్పుడు ఎవరికీ పట్టని లోపం అక్షరం దగ్గర వెంటనే బయటపడుతుంది. కారణం మీ కేబులో, మీ కళ్లో కాకపోవచ్చు. టీవీ పుట్టుకలోనే అది ఉంది.

1981 చివర్లో బ్రిటన్‌లో బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. ఒక ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటర్ నేర్పాలని తలపెట్టిన కార్యక్రమం కోసం తయారైన యంత్రమిది. 1984లో మన దేశంలో ‘క్లాస్’ పథకం మొదలైనప్పుడు పాఠశాలలకు చేరినవీ ఇవే. ఆ కాలపు ఇంటి కంప్యూటర్లకు చాలావరకు సొంత తెర ఉండేది కాదు. టీవీ వెనుక యాంటెన్నా పెట్టేచోట తీగ గుచ్చి, ఛానెల్ ట్యూన్ చేసుకోవాలి. అంటే కంప్యూటరే ఒక బుల్లి ప్రసార కేంద్రం!

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో చిత్రానికి కేటాయించిన పౌనఃపున్యాల వెడల్పు 5 మెగాహెర్ట్జ్. ఒక తరంగంలో ఒక నల్ల చుక్క, ఒక తెల్ల చుక్క ఇమడగలవు. కాబట్టి సెకనుకు కోటి చుక్కల కంటే ఎక్కువ పట్టవు. బీబీసీ మైక్రో వరుసకు 40 అక్షరాలు చూపితే సెకనుకు 80 లక్షల చుక్కలు పంపేది. అవి ఎలాగో ఇమిడేవి. 80 అక్షరాలు చూపితే కోటి అరవై లక్షలు! దారి ఇరుకు, బండ్లు ఎక్కువ. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. పైగా పాల్‌లో రంగుల సమాచారం కూడా అదే దారిలో, 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, ప్రయాణిస్తుంది. అక్షరాల సన్నని గీతలను టీవీ రంగులుగా పొరబడేది. నలుపు తెలుపు అక్షరాల అంచుల్లో ఇంద్రధనుస్సు కనబడేది అందుకే.

విరుగుడు కూడా ఆ యంత్రం వెనుకే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేర్వేరు తీగలున్న సాకెట్ అది. దానికి తగిన మానిటర్ తగిలిస్తే అక్షరం నిగ్గుతేలేది. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ 15 సూదుల ప్లగ్ కూడా ఇదే బాట పట్టింది. తర్వాత డిజిటల్ పద్ధతులు, 1999లో డీవీఐ, 2002లో హెచ్‌డీఎంఐ, వచ్చాయి. ఇక ప్రతి చుక్కా లెక్క ప్రకారం తెర చేరుతుంది. కథ ఇక్కడితో ముగియాలి కదా?

ముగియలేదు. పాత గాజుగొట్టం టీవీలలో బొమ్మ అంచులు వంకరపోయేవి. అందుకని బొమ్మను కొంచెం పెద్దది చేసి, అంచులను చట్రం వెనుక దాచేవారు. దీనినే ఓవర్‌స్కాన్ అంటారు. గొట్టం పోయింది, అలవాటు పోలేదు. చాలా చదును టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన 1920×1080 బొమ్మను కూడా సాగదీసి అంచులు కోసేస్తాయి. సాగదీసిన చుక్క తన గడిలో కుదురుగా కూర్చోదు, పక్కగడిలోకి ఒలుకుతుంది. అందువల్ల కింది టాస్క్‌బార్ సగం తెగిపోయి కనబడుతుంటే మసక కారణం దొరికినట్టే. టీవీ మెనూలో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేర్లతో ఉన్న అమరిక ఎంచుకోండి. తెరకు సహజంగా ఎన్ని చుక్కలున్నాయో కంప్యూటర్‌లోనూ అంతే పెట్టండి. ఒక చిక్కుంది: 1366×768 చుక్కల టీవీలు చాలా అమ్ముడయ్యాయి. 1366 ఎనిమిదితో భాగించబడదు కనుక కొన్ని కంప్యూటర్లు 1360 మాత్రమే ఇస్తాయి.

ఇంకొక వారసత్వం రంగులది. వెలుతురు తేడాను పట్టినంత సూక్ష్మంగా మన కన్ను రంగు తేడాను పట్టదు. ఆ ఆధారంతో టీవీ లోకం నాలుగు చుక్కలకు ఒకే రంగు విలువతో సరిపెట్టడం నేర్చింది. సినిమాకు అది చాలు. నీలం మీద ఎర్రటి అక్షరాలు రాసి చూడండి: అంచులు చెదిరితే, టీవీలో ఆ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చండి. చాలా టీవీల్లో అప్పుడు ప్రతి చుక్కకూ దాని రంగు దానికి దక్కుతుంది.